లంక ప్రయాణం: ఏది ఎక్కాలి, ఎక్కడ దిగాలి

శంషాబాద్‌లో విమానం ఎక్కితే దాదాపు రెండు గంటల్లో కొలంబో పక్కనున్న కటునాయక విమానాశ్రయంలో దిగుతాం. ఆ తర్వాత కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో బదుల్లా రైలెక్కితే 290 కిలోమీటర్లకు తొమ్మిది పది గంటలు పడుతుంది. శ్రీలంక గురించి మనవాళ్లు వేసుకునే లెక్కలన్నీ ఇక్కడే తప్పుతున్నాయి. దేశం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. మ్యాపు చూసి నాలుగు రోజులు చాలనుకుంటారు. కొలంబో, కాండీ, నువారా ఎలియా, ట్రింకోమలీ, గాలే అన్నీ ఒకే ప్యాకేజీలో కుదించి, తెల్లవారకముందే వ్యానెక్కి చీకటిపడ్డాక దిగుతారు. తిరిగొచ్చాక ఏం చూశారంటే హోటళ్ల పేర్లు చెబుతారు.

లంకకు వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. అష్టాదశ శక్తిపీఠాల్లో అలంపురం జోగులాంబను, శ్రీశైలం భ్రమరాంబను, ద్రాక్షారామం మాణిక్యాంబను, పిఠాపురం పురుహూతికను దర్శించినవాళ్లు ట్రింకోమలీలో శాంకరీదేవిని చూడాలనుకుంటారు. రామాయణ స్థలాల కోసం సీత ఎలియా వెళ్లేవాళ్లున్నారు. బౌద్ధం మీద ఆసక్తితో అనురాధపుర దారి పట్టేవాళ్లున్నారు. ఈ ఆసక్తి కొత్తది కాదు. నాగార్జునకొండ శాసనంలోనే సింహళ విహారం ప్రస్తావన ఉంది. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో కృష్ణా తీరానికీ ఆ దీవికీ మధ్య సముద్రం మీద రాకపోకలు ఉన్నాయనడానికి అదే ఆధారం. కాబట్టి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఎలా తిరగాలి అన్న ప్రశ్నను ప్యాకేజీ కంపెనీలకు వదిలేయకుండా మనమే ఒకసారి మొత్తంగా చూసుకోవడం మంచిది.

ముందు ఆకాశమార్గం. శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ 2017లో హైదరాబాద్, విశాఖపట్నం రెండింటి నుంచీ కొలంబోకి సర్వీసులు మొదలుపెట్టింది. విశాఖ సర్వీసు నిలవలేదు. హైదరాబాద్ దారిలోకి తర్వాత ఇండిగో కూడా వచ్చింది. కోస్తావాళ్లకూ రాయలసీమవాళ్లకూ చెన్నై నుంచి వెళ్లడమే సులువు. అక్కడి నుంచి గంటన్నర లోపే. కటునాయకలో దిగినవాళ్లు చాలామంది నేరుగా కొలంబో వెళ్లి హోటల్లో దిగుతారు. అది అవసరం లేదంటాను. విమానాశ్రయం నుంచి కొలంబో 30 కిలోమీటర్లకు పైనే ఉంటే, నెగొంబో పట్టుమని పది కిలోమీటర్లు. మర్నాడు కాండీకో అనురాధపురకో వెళ్లేవాళ్లు నెగొంబోలో పడుకుంటే నగరం ట్రాఫిక్‌లో పోయే పూట మిగులుతుంది. కొలంబోనే వెళ్లాలనుకుంటే 187 నంబరు బస్సుంది. 2013లో తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది. అదే ఏడాది దక్షిణాన మత్తలలో రెండో అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు కానీ మనకు దానితో పనిపడదు.

మనవాళ్లు పెద్దగా పట్టించుకోని విమానాశ్రయం జాఫ్నాలో ఉంది. అంతర్యుద్ధకాలంలో సైన్యం చేతిలో ఉన్న పలాలీ స్థావరాన్ని 2019 అక్టోబరులో అంతర్జాతీయ విమానాశ్రయంగా తెరిచారు. చెన్నై నుంచి అలయన్స్ ఎయిర్ మొదలుపెట్టింది, కోవిడ్‌లో ఆగింది, 2022 డిసెంబరులో మళ్లీ ఎగిరింది. 2024 సెప్టెంబరులో ఇండిగో వచ్చింది. నడిచేవి చిన్న ఏటీఆర్ విమానాలు కాబట్టి సామాను పరిమితి ముందే చూసుకోవాలి. అయినా దీని విలువ పెద్దది. కొలంబోలో దిగి జాఫ్నాలో ఎక్కితే, లేదా జాఫ్నాలో దిగి కొలంబోలో ఎక్కితే, దేశాన్ని ఒక కొస నుంచి రెండో కొసకు చూసుకుంటూ పోవచ్చు. వెళ్లిన దారినే వెనక్కి రావడానికి ఒక రోజు పోదు. లంకకు వారం రోజులు పెట్టుకున్న ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇక సముద్రం. ఈ విషయంలో కాస్త వెనక్కి వెళ్లక తప్పదు. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మోరులో రైలెక్కినవాడు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో తలైమన్నారు చేరి, అక్కడ సిద్ధంగా ఉన్న రైలెక్కి కొలంబోలో దిగేవాడు. మొత్తానికీ ఒకే టికెట్టు. అందుకే ఆ రైలు పేరు బోట్ మెయిల్ అయింది. అదే దారిన తేయాకు తోటల కూలీలు వెళ్లారు. ఎక్కువమంది తమిళులు, కొద్దిమంది తెలుగువాళ్లు. రైలు రాకముందు వాళ్లు మన్నారు నుంచి కొండలదాకా అడవుల్లో కాలినడకన పోయేవారు. ఆ దారిలో జ్వరాలతో రాలిపోయినవాళ్లకు లెక్కలేదు. మండపంలో వాళ్లను రోజుల తరబడి ఆపి వైద్యపరీక్షలు చేసే శిబిరం ఉండేది. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానుకు ధనుష్కోటి ఊరే పోయింది. స్టేషన్ దగ్గరికి వస్తున్న ప్యాసింజర్ రైలు ప్రయాణికులతో సహా సముద్రంలో కలిసిపోయింది. ఆ తర్వాత రామేశ్వరం నుంచి తలైమన్నారుకు ఓడ నడిచింది. 1980లలో యుద్ధం మొదలయ్యాక అదీ ఆగింది. ఎగ్మోరు నుంచి రామేశ్వరం వెళ్లే రైలును జనం ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తున్నారు. బోటు మాత్రం లేదు.

2011లో తూత్తుక్కుడి–కొలంబో మధ్య ఒక పెద్ద ఓడ వేశారు. కొన్ని నెలలకే ఆగిపోయింది. 2023 అక్టోబరు 14న నాగపట్నం నుంచి జాఫ్నా పక్కనున్న కాంకేశన్‌తురైకి పడవ ప్రారంభమైంది. వారం తిరిగేసరికి ఈశాన్య రుతుపవనాలని ఆపేశారు. 2024 ఆగస్టులో ఒక ప్రైవేటు సంస్థ శివగంగై అనే ఓడతో మళ్లీ మొదలుపెట్టింది. దూరం 110 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. తెలుగువాళ్లకు నాగపట్నం తెలియని ఊరేం కాదు. ఏటా వేళాంకణి వెళ్లే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వేళాంకణికి నాగపట్నం కూతవేటు దూరం. చెన్నై ఎగ్మోరు నుంచి రాత్రి రైలుంది. వేళాంకణి చూసుకుని, నాగపట్నంలో పాస్‌పోర్టు ముద్ర వేయించుకుని, మధ్యాహ్నానికి జాఫ్నాలో భోంచేయవచ్చు. అయితే రెండు షరతులు. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా ఆ సముద్రాన్ని నమ్మలేం, సర్వీసు ఆగుతుంది. మిగతా కాలంలోనూ వారంలో కొన్ని రోజులు నడవకపోవచ్చు. అందుకని పడవలో వెళ్లి విమానంలో రావడం మంచిది. పడవ కోసం అవతలి ఒడ్డున ఎదురుచూస్తూ సెలవు అయిపోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు. వీసా నిబంధనలు ఈమధ్య తరచుగా మారుతున్నాయి కాబట్టి ఏ దారిన వెళ్లినా అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ముద్రించిన కాగితం దగ్గర పెట్టుకోండి.

దేశంలో అడుగుపెట్టాక మొదట మాట్లాడాల్సింది రైలు గురించి. లంక రైళ్లను అర్థం చేసుకోవాలంటే ఆ పట్టాలు ఎందుకు వేశారో తెలియాలి. 1864లో కొలంబో నుంచి అంబేపుస్సకు మొదటి రైలు నడిచింది, 1867కి కాండీ చేరింది. కొండల మీద పండిన కాఫీని కొలంబో రేవుకు దింపడానికే ఆ మార్గం. కాఫీని తెగులు తినేశాక తేయాకు వచ్చింది, పట్టాలు తోటల వెంట పైపైకి పాకుతూ 1924లో బదుల్లాకు చేరాయి. అంతా రేవు కోసం కట్టింది కాబట్టి దారులన్నీ కొలంబో వైపే చూస్తాయి. కొలంబో నుంచి ఎటైనా వెళ్లొచ్చు, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు దూకడమే కుదరదు. కాండీ నుంచి సిగిరియాకు రైలు లేదు. ఎల్లా నుంచి దక్షిణ తీరానికి లేదు. కాండీ నుంచి ట్రింకోమలీ వెళ్లాలంటే రైల్లో చుట్టు తిరిగి రావాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎక్కడ రైలెక్కాలో, ఎక్కడ బస్సెక్కాలో ఎవరినీ అడగక్కర్లేదు.

గేజ్ మన బ్రాడ్ గేజే, 1,676 మిల్లీమీటర్లు. ఇంజన్లలో కొన్ని వారణాసిలో తయారైనవి, కొన్ని రైలుసెట్లు చెన్నై పెరంబూరు ఫ్యాక్టరీ నుంచి వెళ్లినవి. రైల్లో కూర్చున్న తెలుగువాడికి పరాయిదేశంలో ఉన్నట్టే అనిపించదు. కానీ వేగం వేరు. కొండమీద రైలు గంటకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు దాటదు. రంబుక్కన దాటాక కడుగన్నావ దాకా ఎక్కుడు, పక్కన లోయ, మధ్య మధ్య సొరంగాలు. కాండీ నుంచి ఎల్లా దారిని ప్రపంచమంతా పొగుడుతుంది గానీ, కొలంబో–కాండీ దారిలో ఈ ఎక్కుడు గురించి చెప్పేవాళ్లు తక్కువ. నా లెక్కలో అది ఎల్లా దారికి ఏమాత్రం తీసిపోదు, పైగా మూడు గంటల్లో అయిపోతుంది.

కాండీ–ఎల్లా మొత్తం ప్రయాణం ఆరేడు గంటలు. కూర్చోవడానికి సీటుంటే అంతకంటే మంచి రోజు ఉండదు. నిలబడి వెళ్లాల్సివస్తే మాత్రం పెద్దవాళ్లకూ పిల్లలకూ శిక్షే. అలాంటివాళ్లు నాను ఓయా స్టేషన్లో ఎక్కితే చాలు. నువారా ఎలియాకు అదే స్టేషన్, ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దిగువన ఉంటుంది. అక్కడి నుంచి మూడు గంటల్లో ఎల్లా. దారిలోనే 1,898 మీటర్ల ఎత్తున పట్టిపోల వస్తుంది, దేశంలో అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్ అది. హపుతలే దగ్గర ఒక్కసారిగా దక్షిణం వైపు మైదానమంతా కళ్లముందు పరుచుకుంటుంది. ఎల్లా దాటాక 1921లో ఉక్కు లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టిన తొమ్మిది కమానుల వంతెన. ఆ తర్వాత దెమోదర. అక్కడ పట్టా కొండచుట్టూ తిరిగి వచ్చి, తాను బయల్దేరిన స్టేషన్ కిందనుంచే సొరంగంలో దూరుతుంది. కొండ దిగడానికి ఇంజనీర్లు కనుక్కున్న ఆ ఉపాయాన్ని చూడ్డానికి చాలామంది ఎల్లాలో దిగిపోకుండా ఇంకో స్టేషన్ ముందుకు వెళతారు. వెళ్లాలి కూడా.

టికెట్ల సంగతి. రిజర్వేషన్ నెలరోజుల ముందు తెరుచుకుంటుంది. ఎల్లా రైళ్ల టికెట్లు తెరిచిన క్షణాల్లో అయిపోయి తర్వాత ఎన్నో రెట్లు ధరకు బయట దొరుకుతుంటే, 2025 మొదట్లో పోలీసులు దర్యాప్తు చేసి అరెస్టులు కూడా చేశారు. దళారీ దగ్గర కొనకండి, టికెట్టు మీద పేరూ మీ పాస్‌పోర్టూ కలవకపోతే చిక్కు. రిజర్వేషన్ దొరకకపోతే మామూలు రెండో తరగతి, మూడో తరగతి టికెట్లు అప్పటికప్పుడు కౌంటర్లో ఇస్తారు, వాటికి పరిమితి లేదు. సీటు గ్యారంటీ కూడా లేదు. ఏసీ మొదటి తరగతి కంటే రిజర్వుడు రెండో తరగతే మేలు, కిటికీ తెరుచుకుంటుంది కాబట్టి. తలుపు దగ్గర వేలాడి ఫొటోలు దిగబోయి ప్రాణాలు పోగొట్టుకున్న విదేశీయులున్నారు. ఆ సరదా మనకొద్దు. ఇంకొక మాట: కొలంబో–బదుల్లా రైళ్లలో కొన్ని కాండీ ఊళ్లోకి వెళ్లవు, పెరదెణియ జంక్షన్ మీదుగా అటే పోతాయి. కాండీలో ఉన్నవాళ్లు టైంటేబుల్లో ఇది చూసుకోవాలి.

2025 నవంబరు చివర దిత్వా తుఫాను ఈ కొండలను దారుణంగా దెబ్బతీసింది. కొండచరియలు ఊళ్ల మీద పడి వందలమంది చనిపోయారు. రైలు మార్గం చాలాచోట్ల కొట్టుకుపోయింది. కాబట్టి ఎల్లా రైలు ప్లానులో పెట్టుకునే ముందు ఏ భాగం నడుస్తోందో రైల్వేవాళ్ల తాజా సమాచారం చూడండి. నడవని భాగానికి బస్సు ఉంటుంది.

తీరం వెంట రైలు ఇంకో అనుభవం. కొలంబో నుంచి గాలే, మాతర దాకా సముద్రం అంచునే పట్టా. దక్షిణానికి వెళుతున్నప్పుడు కుడివైపు కూర్చోవాలి. 2004 డిసెంబరు 26న హిక్కడువకు కాస్త ముందు పెరలియ అనేచోట సునామీ ఒక నిండు రైలును ముంచేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. ప్రపంచ రైలు చరిత్రలోనే అంత పెద్ద ప్రమాదం లేదు. అక్కడ స్మారకం ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు ఒక రైలు వదులుకునైనా దిగి చూడవలసిన చోటు.

ఉత్తరం మార్గానిది యుద్ధ చరిత్ర. 1990లో జాఫ్నా రైలు ఆగిపోయింది. స్లీపర్లూ పట్టాలూ బంకర్లలోకి పోయాయి. యుద్ధం 2009లో ముగిశాక భారత ప్రభుత్వ రుణంతో మన ఇర్కాన్ సంస్థ మళ్లీ వేసింది. 2014 అక్టోబరులో యాళ్‌దేవి రైలు జాఫ్నాలో అడుగుపెట్టిన రోజు జనం పట్టాల పక్కన నిలబడి ఏడ్చారు. ఇప్పుడు రైలు కాంకేశన్‌తురై దాకా, అంటే పడవ దిగే రేవు దాకా వెళుతుంది. దారిలో అనురాధపుర ఉంది. దానికి ముందు వచ్చే తంబుత్తేగమ అనే చిన్న స్టేషన్‌కు తెలుగువాడికి మాత్రమే పట్టే విశేషం ఉంది. దాని దగ్గర్లోని కుడాగమలో అహికుంటక అనే సముదాయం వాళ్లు స్థిరపడ్డారు. తరతరాలుగా పాములాడిస్తూ, సోదె చెబుతూ సంచారం చేసినవాళ్లు. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు. ఎన్ని వందల ఏళ్ల కిందట ఒడ్డు దాటారో గానీ భాషను మాత్రం వదల్లేదు. వాళ్లను చూడబోవడం అనకండి, పలకరించబోవడం అనండి. కెమెరా ముందు పెట్టి కాకుండా మాట ముందు పెట్టి వెళ్లాలి.

తూర్పున ట్రింకోమలీకి కొలంబో నుంచి రాత్రి రైలుంది, తెల్లారేసరికి చేరుస్తుంది. హబరణ, గల్ ఓయా అడవుల్లో ఏనుగులు పట్టాలు దాటుతాయి. 2025 ఫిబ్రవరిలో ఒక రైలు గుంపును ఢీకొని ఆరు ఏనుగులు చనిపోయాయి. అక్కడ రైలు నెమ్మదిగా పోతే విసుక్కోకూడదు. శాంకరీదేవి దర్శనానికి పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు నా ఓటు ఈ రైలుకే.

కొమ్మనుంచి కొమ్మకు దూకేది బస్సు. లంకలో దేశాన్ని నిజంగా నడిపేది బస్సే. 1958లో ప్రైవేటు బస్సులన్నిటినీ జాతీయం చేశారు, 1979 నుంచి మళ్లీ ప్రైవేటువాళ్లను రానిచ్చారు. అందుకే ఇవాళ ఎర్ర ప్రభుత్వ బస్సు, దాని వెనకే హారన్ కొడుతూ ప్రైవేటు బస్సు. చాలావరకు మన అశోక్ లేలాండ్ బండ్లే. బోర్డుల మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి, పైగా రూటు నంబరు ఉంటుంది. కొలంబో–కాండీ 1, కొలంబో–గాలే 2, కొలంబో–జాఫ్నా 87. ఊరి పేరు చదవలేకపోయినా అంకె చూసి ఎక్కొచ్చు. చెన్నైలోనో తిరుత్తణి వైపో ఉండి నాలుగు తమిళం ముక్కలు వచ్చినవాళ్లకు జాఫ్నాలో, ట్రింకోమలీలో, తేయాకు తోటల్లో ఏ ఇబ్బందీ లేదు. ముందు వరుస సీట్లు భిక్షువులకు. వాళ్లు ఎక్కితే లేచి ఇవ్వాలి. చార్జీలు ప్రభుత్వం నిర్ణయించినవి, బేరం లేదు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగా వస్తాయి కాబట్టి బస్సు చార్జీ గురించి మనం ఆలోచించాల్సిన పనే లేదు. చిల్లర మాత్రం దగ్గర ఉండాలి.

కాండీలో గూడ్స్ షెడ్ స్టాండు నుంచి దంబుల్లా, హబరణల మీదుగా ట్రింకోమలీకి ఐదు గంటల్లో వెళ్లొచ్చు. కొలంబోలో ఫోర్ట్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే పేట ప్రాంతంలో బస్‌స్టాండ్లు ఉన్నాయి. దక్షిణానికి 2011లో మొదలై తర్వాత హంబన్‌టోట దాకా సాగిన ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. నగరం శివారు మకుంబుర నుంచి ఏసీ బస్సెక్కితే గంట, గంటన్నరలో గాలే. రైల్లో వెళ్లి ఈ బస్సులో తిరిగిరావడం మంచి జోడింపు. కానీ కొండల్లో రాత్రిపూట బస్సు ఎక్కొద్దు. 2025 మేలో కొత్మలె దగ్గర కిక్కిరిసిన బస్సు లోయలో పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరులో ఎల్లా దగ్గర ఇంకొకటి పడింది. అలసిపోయిన డ్రైవర్లు, పాతబడిన బండ్లు, పోటీ పరుగు. ఆ దేశంలోనే దీని మీద పెద్ద చర్చ నడుస్తోంది. పగలు వెళ్లండి, ప్రభుత్వ బస్సు దొరికితే అదే ఎక్కండి.

ఆటోలను అక్కడ త్రీవీల్ అంటారు, యాత్రికులు టుక్‌టుక్ అంటారు. నమోదైనవే పది లక్షలకు పైగా, ఎక్కువ బజాజ్‌వి. కొలంబోలో మీటరుంటుంది. పిక్‌మీ అనే అక్కడి యాప్ ఇంకా మంచిది, ఉబర్ కూడా పనిచేస్తుంది. దానికోసమైనా విమానాశ్రయంలోనే స్థానిక సిమ్ తీసుకోవాలి. యాప్ లేనిచోట ఎక్కేముందే ధర తేల్చుకోండి. కొలంబోలో మెట్రో లేదు. జపాన్ సాయంతో తలపెట్టిన లైట్ రైలు 2020లో రద్దయింది, అందువల్ల నగరంలో చూడాలనుకునే రెండు మూడు చోట్లకూ త్రీవీలే సులువు. దేశమంతా దానిలో తిరగాలనే ఉత్సాహం ఈమధ్య కనిపిస్తోంది గానీ ఇరవై కిలోమీటర్లు మించితే నడుం ఒప్పుకోదు.

కారూ డ్రైవరూ కుదుర్చుకోవడం మన కుటుంబాలు ఎక్కువగా చేసే పని. నడవలేని పెద్దవాళ్లున్నా, చంటిపిల్లలున్నా అది సరైన నిర్ణయమే. నేను కాదనేది దాన్ని ఒక్కటే దారి అనుకోవడాన్ని. 2020లో విదేశీ మారకం చాలక వాహనాల దిగుమతి ఆపేశారు. ప్రైవేటు వాహనాలకు 2025 ఫిబ్రవరిలో గానీ మళ్లీ అనుమతి రాలేదు. ఆ ఐదేళ్లలో పాత కార్ల ధరలు కూడా ఆకాశానికి పోయాయి. కారు అద్దె ఎక్కువగా ఉందంటే దాని వెనక ఈ కథ ఉంది. కుదుర్చుకునేటప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలు ఎవరిది, డ్రైవరు తిండీ బసా ఎవరివి అన్నవి ముందే రాయించుకోవాలి. చాలా హోటళ్లలో డ్రైవర్లకు వేరే గది ఉంటుంది, అది ఎలా ఉందో ఒకసారి మీరే అడగండి. రాత్రి సరిగ్గా నిద్రపోని మనిషి చేతిలో మర్నాడు మీ పిల్లల ప్రాణాలుంటాయి. మసాలా తోటల దగ్గర, రత్నాల దుకాణాల దగ్గర ఆగకూడదని కూడా మొదటిరోజే మర్యాదగా చెప్పేయండి.

సొంతంగా నడుపుకోవాలనుకునేవాళ్లకు: ఎడమవైపు ప్రయాణమే, మనకు కొత్త కాదు. కానీ మన లైసెన్సూ అంతర్జాతీయ పర్మిటూ ఉంటే సరిపోదు. అక్కడి గుర్తింపు గానీ తాత్కాలిక లైసెన్సు గానీ తీసుకోవాలి. 2025 నుంచి తాత్కాలిక లైసెన్సు విమానాశ్రయంలోనే ఇస్తున్నారు. కొత్తగా వెళ్లేవాళ్లకు నేనైతే సలహా ఇవ్వను. కొండమలుపుల్లో ఎదురొచ్చే బస్సులు, చీకటిపడితే హబరణ రోడ్ల మీదికొచ్చే ఏనుగులు చాలు. దేశంలోపల చిన్న విమానాలు, నీటిమీద దిగే విమానాలు ఉన్నాయి, అవి డబ్బుకు లోటు లేనివాళ్లవి.

2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు పెట్రోలు బంకుల దగ్గర రోజుల తరబడి వరసలు కట్టారు. క్యూలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ మీద వారానికి ఇన్ని లీటర్లని కొలిచి పోశారు. అప్పుడు దేశాన్ని నిలబెట్టింది పాత రైళ్లూ ఎర్ర బస్సులే. తోటకూలీ, బడిపిల్ల, ఆఫీసు గుమస్తా అంతా వాటి మెట్లమీద వేలాడుతూ పనికి పోయారు. ఆ రైళ్లలో, ఆ బస్సుల్లో మనం టికెట్టు కొని కూర్చోవడం వల్ల ఆ దేశం తెలియడంతో పాటు, మన డబ్బు నేరుగా అక్కడి ప్రభుత్వ రవాణాకే పోతుంది. ప్యాకేజీ వ్యానుతో ఈ రెండూ జరగవు.

కాలం చూసుకుని దారి ఎంచుకోవాలి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పడమర, దక్షిణ తీరాల మీద పడతాయి. అప్పుడు ట్రింకోమలీ, జాఫ్నా బాగుంటాయి, నాగపట్నం పడవా నడుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా గాలే వైపు, కొండలు బాగుంటాయి, అప్పుడు విమానమే. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, దానికి శనాదివారాలు కలిస్తే రైళ్లలో చోటుండదు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ ఉగాది. ఆ వారం కొలంబో మొత్తం ఊళ్లకు పోతుంది. ఆ రోజుల్లో ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇవన్నీ కలిపి చూస్తే, వారం పది రోజులున్నవాళ్లకు నా తీర్పు ఇది: హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో కొలంబోకి విమానం, కాండీకి రైలు, కాండీ నుంచి ట్రింకోమలీకి బస్సు, అక్కడి నుంచి అనురాధపురకు బస్సు, అనురాధపుర నుంచి జాఫ్నాకు రైలు, తిరుగు ప్రయాణం చెన్నైకి విమానం లేదా నాగపట్నానికి పడవ. ఎల్లాకో గాలేకో వెళ్లాలనుకుంటే అది ఇంకో యాత్ర చేసుకోండి. రెండూ ఒకే యాత్రలో ఇరికిస్తే మిగిలేది వ్యానే.

ఒక దారి మాత్రం ఇంకా మూసే ఉంది. 2025 ఏప్రిల్ 6న భారత ప్రధాని పొద్దున అనురాధపురలో బాగుచేసిన మహవ–ఓమంతై రైలు మార్గాన్ని, అదే మధ్యాహ్నం రామేశ్వరంలో కొత్త పాంబన్ వంతెనను ప్రారంభించారు. ఇటు రామేశ్వరం దాకా, అటు 2015లో మళ్లీ తెరిచిన తలైమన్నారు దాకా రైళ్లున్నాయి. మధ్యలో ఉన్నది ముప్ఫై కిలోమీటర్ల చిల్లర సముద్రం. రామేశ్వరం–తలైమన్నారు ఓడ గురించి 2024 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఉమ్మడి ప్రకటనలో మాటిచ్చాయి. కాశీ వెళ్లొచ్చి రామేశ్వరం వెళ్లే తెలుగు యాత్రికుల సంఖ్య తెలిసిన ఎవరికైనా ఆ ఓడ ఖాళీగా నడవదని తెలుసు. మన ఎంపీలు ఈ విషయం పార్లమెంటులో అడగాలి. ఆ ఓడ పేదవాడికి అందే చార్జీతో, వానాకాలం తప్ప ఏడాదంతా నడవాలి.